మరణనిర్ణయమునకు అతిధ్వని సాక్ష్యము

మన భాషలో మరణమును చెప్పుటకు ఎన్నో మాటలున్నవి. ఊపిరి పోయినదందుము, గుండె ఆగినదందుము, నాడి అందుట లేదందుము. మెదడు ఆగినదని మాత్రము మన పెద్దలెవ్వరును అనలేదు. అనవలసిన అవసరము వారికి కలుగలేదు. ఊపిరి నిలిచిన కొద్ది నిమిషములలో గుండె నిలుచును. గుండె నిలిచిన కొద్ది నిమిషములలో మెదడు నశించును. ఏది ముందు ఆరినదో, ఏది వెనుక ఆరినదో విచారించుటకు వ్యవధియే ఉండెడిది కాదు. ఊరి వైద్యుడు ముక్కుకడ వ్రేలుంచి చూచి, మణికట్టు పట్టి చూచి, తల అడ్డముగా ఆడించినచో అంతటితో సరి.

కొన్ని సంవత్సరముల క్రిందట మేము పనిచేయుచుండిన ఆసుపత్రికి ఒక యువకుని తీసికొనివచ్చిరి. మోటారుసైకిలు మీదనుండి పడి తలకు పెద్ద దెబ్బ తగిలినది. వెంటిలేటరు అమర్చి చేయదగిన చికిత్సయంతయు చేసినను మూడవనాటికి ఆతని మెదడులో జీవలక్షణము కనబడలేదు. ఆ సంగతి మెల్లగా చెప్పబోగా ఆతని తండ్రి, వ్యవసాయము చేసికొను పెద్దమనిషి, మమ్ము అడ్డగించి ఇట్లనెను: “అయ్యా, మావాడి ఒళ్ళు వెచ్చగానే ఉన్నది. రొమ్ము ఆడుతానే ఉన్నది. ఆ డబ్బాలో గుండె గీత పరుగెత్తుతానే ఉన్నది. పోయినాడని ఎట్లా నమ్మమంటారు?”

ఆ ప్రశ్న న్యాయమైనది. అది అజ్ఞానమువలన పుట్టినది కాదు. కంటికి కనబడుదానిని నమ్మవలెనను మనుష్యస్వభావమువలన పుట్టినది. దానికి వైద్యశాస్త్రము చెప్పగల సమాధానమును, ఆ సమాధానమునకు అల్ట్రాసౌండు, అనగా అతిధ్వని, చెప్పగల సాక్ష్యమును ఈ ప్రసంగములో వివరింప తలచినాము.

ఊపిరిని, గుండెను, మెదడును ఒకదానినుండి ఒకటి విడదీసినది యంత్రము. 1952లో డెన్మార్కు రాజధానియైన కోపెన్‌హేగన్ నగరమున పోలియో విజృంభించెను. శ్వాసకండరములు చచ్చుబడి రోగులు వరుసగా మరణించుచుండిరి. అప్పుడు బ్యోర్న్ ఇబ్సెన్ అను మత్తువైద్యుడు రోగి గొంతునకు రంధ్రము చేయించి, గొట్టమమర్చి, రబ్బరు సంచిని చేతితో నొక్కుచు ఊపిరితిత్తులలోనికి గాలి పంపవచ్చునని చూపెను. వందలకొలది వైద్యవిద్యార్థులు రేయింబవళ్ళు వంతులవారీగా రోగుల ప్రక్కన కూర్చుండి ఆ సంచులను నొక్కిరి. చావవలసినవారు ఎందరో బ్రదికిరి. చేతులు చేసిన ఆ పనిని తరువాత యంత్రము చేపట్టినది. నేటి వెంటిలేటరు అట్టిది.

అయితే యంత్రము ఊపిరిని నడిపింపగలదే కాని, నశించిన మెదడును లేపలేదు. గుండె సంగతి వేరు. దాని కొట్టుకొనుటకు ప్రేరణ గుండెలోనే పుట్టును. ప్రాణవాయువు అందుచున్నంతకాలము మెదడు ఆజ్ఞ లేకయే అది కొంతకాలము కొట్టుకొనగలదు. కావున మెదడు పూర్తిగా నశించియు, యంత్రము ఊపిరిని నడుపగా, గుండె ఆడుచుండు శరీరములను వైద్యులు మొదటిసారిగా చూడవలసివచ్చెను. 1959లో పారిస్ నగరమున మొలారే, గులాన్ అను వైద్యులు అట్టి 23 మందిని పరిశీలించి, ఇది కోమాను దాటిన స్థితియని వర్ణించిరి. 1968లో అమెరికాలోని హార్వర్డ్ వైద్యకళాశాల నియమించిన సంఘము, హెన్రీ బీచర్ అధ్యక్షతన, ఈ స్థితిని గుర్తించుటకు లక్షణములను నిర్ణయించి ప్రకటించెను. మన దేశమున 1994లో పార్లమెంటు చేసిన అవయవమార్పిడి చట్టము మెదడు కాండము యొక్క మరణమును మరణముగా అంగీకరించినది.

ఇచ్చట ఒక మాటను గూర్చి చెప్పవలసియున్నది. మన పత్రికలు ఇట్టివారిని “జీవన్మృతులు” అని వ్రాయుచున్నవి. మాట అందమైనదే. కాని మన వాఙ్మయములో జీవన్మృతుడనగా దుఃఖముచేతనో అవమానముచేతనో బ్రదికియు చచ్చినవానితో సమానమైనవాడు, అనగా బ్రదికియున్నవాడే. ఇచ్చటి విషయము దానికి విరుద్ధము. ఇతడు మరణించినవాడు, యంత్రబలముచేత బ్రదికినట్లు కనబడుచున్నవాడు. సగము జీవము మిగిలియున్నదని ధ్వనించు ఆ మాట, ఆశకును నిరాశకును నడుమ ఊగులాడుచున్న బంధువుల మనస్సును మరింత ఊపుచున్నది.

కోమా వేరు, మెదడు మరణము వేరు. కోమాలో నున్నవాడు రోగి. ఆతని మెదడు గాయపడినను సజీవముగనే ఉన్నది. కొందరు మేల్కొందురు, కొందరు మేల్కొనరు. మెదడు మరణము రోగము కాదు. నియమములన్నిటిని పాటించి నిర్ణయించిన పిమ్మట అందుండి మరలివచ్చుట లేదు. ఇంత గట్టి మాట చెప్పవలసియున్నందుననే వైద్యుడు ఇంత జాగ్రత్త వహింపవలసియున్నది.

ఆ జాగ్రత్త ఎట్టిదో చూతము. మొట్టమొదట, మెదడు నశించుటకు కారణమేమో స్పష్టముగా తెలియవలెను. నిద్రమందుల ప్రభావము, శరీరము మిక్కిలి చల్లబడుట, రక్తములో చక్కెర లేక లవణముల వైపరీత్యము, వీనిలో ఏదియు లేదని తేల్చుకొనవలెను. అటుపిమ్మట పరీక్షలు. కంటిలో వెలుగు వేసినచో పాప కుంచించుకొనరాదు. నల్లగ్రుడ్డును దూదితో తాకినను రెప్ప ఆడరాదు. చెవిలో మంచునీరు పోసినను కన్నులు కదలరాదు. గొంతులోనికి గొట్టము దింపినను దగ్గు రారాదు. కట్టకడపటిది శ్వాసపరీక్ష: ప్రాణవాయువును అందించుచునే వెంటిలేటరును తొలగించి, రక్తములో బొగ్గుపులుసు వాయువు పెరిగినను రోగి తనంతట తాను ఒక్క ఊపిరియైనను తీయునేమో అని కనిపెట్టి చూచెదరు. మన చట్టము ప్రకారము నలుగురు వైద్యుల మండలి ఈ పరీక్షలను, కనీసము ఆరు గంటల వ్యవధితో, రెండుమారులు జరుపవలెను. అవయవమార్పిడి చేయు వైద్యులకు ఈ నిర్ణయములో పాలుండరాదు.

ఇన్ని పరీక్షలుండగా అతిధ్వనితో పనియేమి? కొన్ని సందర్భములలో పై పరీక్షలు సాఫీగా సాగవు. ముఖము వాచి కన్ను తెరువరాకపోవచ్చును. ఊపిరితిత్తులు దెబ్బతిని శ్వాసపరీక్ష కష్టము కావచ్చును. ఇచ్చిన నిద్రమందు ఇంకను శరీరములో మిగిలియున్నదేమో అను శంక కలుగవచ్చును. అట్టి వేళ మెదడుకు రక్తము పోవుచున్నదా లేదా అని నేరుగా తెలిసికొనగలిగినచో వైద్యునికి మంచి ఆధారము దొరకును. మెదడు విద్యుత్తును కొలుచు పరీక్షను నిద్రమందులు తప్పుదారి పట్టింపవచ్చును. రక్తప్రవాహము పూర్తిగా నిలిచిన గురుతులను మాత్రము అవి సృష్టింపవు.

రక్తము ఎందుకు నిలుచునో ముందుగా తెలిసికొందము. మెదడు శరీరపు బరువులో నూటికి రెండు పాళ్ళు మాత్రమే. అయినను శరీరము వాడుకొను ప్రాణవాయువులో నూటికి ఇరువది పాళ్ళు దానికే కావలెను. నిమిషమునకు సుమారు ముప్పాతిక లీటరు రక్తము నాలుగు ధమనులద్వారా, ముందు రెండు, వెనుక రెండు, దానిని చేరుచుండును. ఈ మెదడు ఎముకతో చేసిన మూసిన పాత్రలో నున్నది. చేతికి దెబ్బ తగిలినచో చేయి వాచుటకు చోటున్నది. మెదడుకు ఆ చోటు లేదు. అది వాచినకొలది పుఱ్ఱెలోపలి ఒత్తిడి పెరుగును. సాధారణముగా ఆ ఒత్తిడి పాదరసపు కొలతలో 15 మిల్లీమీటర్లకు మించదు. ధమనుల సగటు ఒత్తిడి 90 ప్రాంతమున ఉండును. ఎత్తునుండి పల్లమునకు నీరు పారినట్లు రక్తము లోనికి పారుచుండును. లోపలి ఒత్తిడి పెరిగి పెరిగి ధమనుల ఒత్తిడితో సమానమైనచో ఇక పల్లము లేదు, ప్రవాహమును లేదు.

ఈ ప్రవాహమును చెవితో వినిపించునదే డాప్లర్ పరీక్ష. స్టేషనులో నిలుచున్న మనకు, ఎదురుగా వచ్చుచున్న రైలు కూత హెచ్చు శ్రుతిలో వినబడి, దాటిపోయిన మరుక్షణమున దిగిపోవుట అందరి అనుభవములోనిదే. దీనికి మూలమైన సూత్రమును 1842లో ప్రాగ్ నగరమున క్రిస్టియన్ డాప్లర్ అను ఆచార్యుడు నక్షత్రముల కాంతిని గూర్చి చెప్పుచు ప్రతిపాదించెను. 1845లో హాలెండు దేశమున బాయిస్ బాలట్ అను శాస్త్రజ్ఞుడు రైలుపై బూరలూదువారిని ఎక్కించి, దారిప్రక్కన సంగీతజ్ఞులను నిలిపి, శ్రుతిభేదమును పరీక్షించి, ధ్వని విషయమున అది నిజమని చూపెను.

రైలుకు బదులు రక్తకణములను ఊహించుకొనుడు. మనిషి చెవికి వినరాని అతిధ్వనిని వానిపైకి పంపినచో, ఎదురు వచ్చు కణములనుండి తిరిగివచ్చు ధ్వని శ్రుతి హెచ్చును, దూరమగు కణములనుండి వచ్చునది తగ్గును. పుఱ్ఱె ఎముక అతిధ్వనికి పెద్ద అడ్డు. కాని కణతవద్ద ఆ ఎముక పలుచన. 1982లో రూనె ఆస్లీడ్ అను శాస్త్రజ్ఞుడు, స్విట్జర్లాండులోని బెర్న్ నగరమున తన సహచరులతో కూడి, సెకనుకు ఇరువది లక్షల కంపనములుగల అతిధ్వనిని కణత గుండా పంపి, మెదడు ధమనులలోని రక్తవేగమును కొలువవచ్చునని చూపెను. పంపిన ధ్వని మనకు వినరానిదైనను, పోయినదానికి తిరిగివచ్చినదానికి గల భేదము మాత్రము మన చెవికి అందు మేరలోనే ఉండును. కనుకనే ఆ యంత్రమునకు తెరతో పాటు లౌడుస్పీకరు కూడ ఉండును. రేడియో వినుటకు అలవాటుపడిన శ్రోతలకు ఇది ఆసక్తికరమైన విషయము కాగలదు.

ఆరోగ్యవంతుని కణతపై పరికరము నుంచినచో గుండె కొట్టుకొను లయలో ఈలగాలి వంటి ధ్వని వినబడును. గుండె బిగిసిన వేళ అది పైకెగసి, వదులైన వేళ తగ్గును గాని నిలిచిపోదు. రక్తము ఎప్పుడును ముందుకే పోవుచుండును. లోపలి ఒత్తిడి పెరిగినకొలది గుండె వదులైన వేళ ధ్వని క్షీణించి మాయమగును. అటుపిమ్మట వింతయైన మార్పు. గుండె బిగిసినప్పుడు ముందుకు పోయిన రక్తము, వదులైనప్పుడు అంతయు వెనుకకు వచ్చును. పోయినదెంతో వచ్చినదంత, మెదడుకు అందినది సున్న. ఇంకను ముదిరినచో గుండె బిగిసినప్పుడు చిన్న ముల్లువంటి ధ్వని క్షణకాలము వినబడి ఆగిపోవును. కడపట అదియు వినరాదు.

ముందు వెనుకల ఊగు ప్రవాహము, ముల్లువంటి ధ్వని, ఈ రెండును ప్రవాహము నిలిచినదనుటకు సాక్ష్యములు. కడపటి నిశ్శబ్దము మాత్రము తనంతట తాను సాక్ష్యము కాదు. ఇది ముఖ్యమైన మాట. కొందరి కణత ఎముక అతిధ్వనిని లోనికి పోనీయదు. నూటికి సుమారు పదిమంది అట్టివారుందురు. వారు నిక్షేపముగా మాటాడుచున్నను యంత్రము మౌనము వహించును. అంతకుముందు అదే రోగికి ధ్వని స్పష్టముగా విని, తరువాత అదే పరీక్షకుడు అదే స్థానమున వినలేకపోయిననే ఆ నిశ్శబ్దమునకు విలువ కలుగును.

1998లో ప్రపంచ నాడీవైద్య సమాఖ్యకు చెందిన నిపుణుల బృందము ఈ పరీక్షకు నియమములను ఏర్పరచెను. ఒక ప్రక్కనే చూచిన చాలదు. రెండు కణతలనుండియు చూడవలెను. మెడ వెనుక, వెన్నుపాము దిగు పెద్ద రంధ్రముగుండా వెనుకటి ధమనులను చూడవలెను. ఒకమారు చూచిన చాలదు. కనీసము ముప్పది నిమిషముల వ్యవధితో మరల చూడవలెను. రక్తపోటు తగినంత ఉన్నప్పుడే చూడవలెను. అది పడిపోయిన వేళ ప్రవాహము క్షీణించుట మెదడు నశించుటకు గురుతు కాదు.

ఈ పరీక్షకు కొన్ని గుణములున్నవి. రోగిని మంచముమీదనుండి కదల్చనక్కరలేదు, రక్తములోనికి రంగుమందు ఎక్కించనక్కరలేదు, ఎన్నిమారులైనను చేయవచ్చును. హద్దులును ఉన్నవి. శస్త్రచికిత్సలో పుఱ్ఱె ఎముకను కొంత తొలగించియుండినను, లోపలి నీరు తీయుటకు గొట్టము వేసియుండినను, పసిబిడ్డలకు మాడు ఇంకను పూడకపోయినను, మూసిన పాత్ర మూసినది కాదు. అట్టివారిలో మెదడు నశించిన తరువాత కూడ కొంత ప్రవాహము వినబడవచ్చును. కనుక దీని మాటను గ్రుడ్డిగా నమ్మరాదు. అతిధ్వని సాక్షియే కాని తీర్పరి కాదు. మన చట్టములోని ధ్రువపత్రము సైతము వైద్యులు స్వయముగా చేసిన పరీక్షలపైననే ఆధారపడియున్నది.

సాక్షి ఒక్కొక్కప్పుడు బ్రదికియున్నవాని పక్షమున కూడ పలుకును. మన పల్లెలకు దీనితో దగ్గర సంబంధమున్నది. రాత్రివేళ నేలపై పరుండినవారిని కట్లపాము కరచుట కద్దు. ఆ విషము నరములకును కండరములకును గల సంబంధమును తెంచును. రోగి రెప్ప ఎత్తలేడు, వ్రేలు కదపలేడు, ఊపిరి తీయలేడు. కంటిపాప వెలుగునకు చలింపకపోవచ్చును. చూచువారికి మెదడు నశించినట్లే తోచును. కాని ఆతని మెదడు చెడలేదు. చుట్టునున్నవారి మాటలు ఆతనికి వినబడుచుండవచ్చును గూడ. వెంటిలేటరుపై ఉంచి చికిత్స చేసినచో దినములమీద కోలుకొని ఇంటికి పోయినవారు కలరు. కారణము తెలియనిదే నిర్ణయము చేయరాదను మొదటి నియమము ఎందుకో దీనిని బట్టి తెలియుచున్నది. అట్టివాని కణతపై డాప్లర్ పరికరమునుంచినచో రక్తము ఎప్పటివలె ముందుకు పోవుచున్నదని అది చెప్పును.

బంధువులకు కలుగు మరియొక సందేహమును తీర్చవలసియున్నది. మెదడు నశించిన శరీరములో ఒక్కొక్కప్పుడు వ్రేలో పాదమో కదలును. అరుదుగా చేయి పైకి లేచును. చూచిన తల్లి “మా బిడ్డ పిలుపు విన్నాడు” అని కేక వేయుట సహజము. ఆ కదలిక మెదడునుండి వచ్చినది కాదు. వెన్నుపాము తనంతట తాను చేసినది. ఈ సంగతిని ముందుగనే చెప్పియుంచుట వైద్యుని విధి. ఆలస్యముగా చెప్పిన నిజము అబద్ధమువలె వినబడును.

మనము మొదట చెప్పిన యువకుని విషయమునకు వత్తము. ఆతని ముఖమంతయు వాచి ఒక కన్ను పరీక్షకు అందలేదు. కావున వైద్యమండలి మొదటి పరీక్ష ముగించిన పిమ్మట, రెండవ పరీక్షకు గల వ్యవధిలో, బలపరచు సాక్ష్యముగా డాప్లర్ పరీక్ష చేయించితిమి. రెండు కణతలయందును మెడ వెనుకను ఒకటే ధ్వని: పోవుట, వచ్చుట. అరగంట గడచిన పిమ్మట మరల చూడగా అదియే. తండ్రిని ప్రక్కకు పిలిచి, తెరపై గీతను చూపి, మీ ఊరి కాలువకు చివర తూము మూసివేసినచో నీరు అచ్చటికి పోయి కొట్టుకొని వెనుకకు వచ్చునే, అట్లే మీ అబ్బాయి రక్తము మెడవరకు పోయి వెనుకకు వచ్చుచున్నదని చెప్పితిమి.

ఆయన చాలసేపు ఆ గీతను చూచెను. “అంటే నీరు మడికెక్కడం లేదన్నమాట,” అనెను. మేము అవునంటిమి. “ఈ పెట్టె తీసేస్తే?” అనెను. కాలువలో నీరు కూడ నిలిచిపోవునని చెప్పితిమి. ఇంకొక ప్రశ్న వేయలేదు. “మాపటికి మా అమ్మాయి వస్తుంది. తమ్ముడిని చూసుకోవాలి గదా. అందాక ఆగండి,” అని మాత్రము కోరెను. రెండవ పరీక్షకు ఎట్లును వ్యవధియున్నది. అక్క వచ్చినది, చూచినది. ఆ రాత్రి రెండవ పరీక్షయు మొదటిదానితో ఏకీభవించినది.

తరువాత ఆ కుటుంబము ఏమి నిర్ణయించినదో అది వారి స్వవిషయము, ఇచ్చట చెప్పబోము. తెలంగాణమునందును ఆంధ్రప్రదేశమునందును జీవన్‌దాన్ పేరిట అవయవదానమునకు ఏర్పాట్లున్నవి. మూత్రపిండములకొరకు, కాలేయముకొరకు ఎదురుచూచువారు అనేకులున్నారు. దానము గొప్పదే. కాని మరణమును నిర్ణయించుట ఒక ప్రశ్న, దానమిచ్చుట మరియొక ప్రశ్న. మొదటిదానికి సమాధానము సంపూర్ణముగా దొరికిన పిమ్మటనే రెండవది పెదవి దాటవలెను. దానము చేసినను చేయకున్నను మొదటి సమాధానము మారరాదు. ఈ రెండింటిని కలగాపులగము చేసిన చోటనే ప్రజలకు ఆసుపత్రులపై అనుమానము పుట్టుచున్నది.

శ్రోతలలో ఎవ్వరికిని ఇట్టి ఘడియ రాకుండుగాక. వచ్చినచో, కారణము తెలిసినదా, పరీక్షలు రెండుమారులు జరిగినవా, ఎవరెవరు జరిపిరి, సందేహమున్నచో సాక్ష్యమేమి అని అడుగుటకు జంకవలదు. అట్లడుగుట వైద్యుని అవమానించుట కాదు. ఆ ప్రశ్నలకు ఓపికతో, తెలియు మాటలలో సమాధానము చెప్పుట మా వృత్తిలో ఒక భాగము. ఆ పెద్దమనిషి మమ్ము అడిగిన ప్రశ్నవలననే ఆనాడు ఆ సంగతి మాకును బోధపడినది.